చక్కెరకు ముందు అరగంట

"థైరాయిడ్ టెస్టుకు వచ్చినోళ్లు ఎవరు?"

రక్తం తీసే నర్సమ్మది మామూలు గొంతు కాదు. నిజామాబాద్ ఖలీల్‌వాడి సందు చివర నిలబడ్డ ఆటోవాళ్లకు కూడా వినిపించి ఉంటుంది. రేణుకమ్మ గబుక్కున కూతురి తొడ మీద గిల్లింది.

"లేవకు."

"అమ్మా! నా టర్నే."

"నాకు తెల్వదా? గింతమందిల థైరాయిడ్ అంటే లేస్తవా? మనోళ్లెవరన్న ఉంటే? జర సందడి తగ్గనీ."

బయట వాన. ల్యాబు వరండాలో తడి గొడుగులు, తడి చెప్పులు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన జనం, అందరి మొహాల్లోనూ చాయ్ తాగని చిరాకు. నిఖిత మాత్రం ఆ చిరాకుకు కూడా ఓపిక లేనట్టు గోడకు తల ఆనించింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు, ఈ మధ్య మెట్లెక్కితే మధ్యలో కూర్చుంటోంది. ఎండాకాలంలో దుప్పటి అడిగింది. పొద్దున దిండు మీద వెంట్రుకలు చూసి రేణుకమ్మ గుండె జారిపోయేది.

ఆటోలో వస్తూ కూతురికి గట్టిగా చెప్పింది: "ఎవరన్న అడిగితే షుగర్ టెస్ట్ అను. షుగరంటే అందరికుంటది. పేరున్న జబ్బు."

"థైరాయిడ్! ఉన్నరా, పోయిండ్రా?" నర్సమ్మ మళ్లీ అరిచింది.

మూల బెంచీ మీద నుంచి ఒక పొడుగాటి పిల్లవాడు లేచాడు. చెయ్యి పైకెత్తి, బడిలో హాజరు పలికినట్టు, "నేనున్న మేడం! ధనుంజయ్, బోధన్, థైరాయిడ్!" అన్నాడు.

జనమంతా తిరిగి చూశారు. రేణుకమ్మ నోరు తెరిచేసింది. మీసమున్న మగపిల్లవాడు! వీడికి థైరాయిడా?

నిఖితకు ఎక్కడి నుంచి వచ్చిందో ఓపిక, దిగ్గున లేచింది. "హలో! టర్న్ నాది."

"మరి పిలిస్తే లేవలే?"

"ఫోన్ చూస్తున్న."

"ఫోన్ బ్యాగుల ఉన్నది మేడం. నేను చూసిన."

"నా బ్యాగు మీరెందుకు చూస్తుండ్రు?"

"బ్యాగు కాదు. మీ అమ్మ గిల్లింది చూసిన."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రేణుకమ్మ కొంగు సర్దుకుని మధ్యలోకి వచ్చింది. "బిడ్డకు థైరాయిడ్ కాదు బాబూ. షుగర్."

"షుగరా? మా బోధన్ల పండేదే అది పెద్దమ్మా," అని అతను నవ్వాడు. తర్వాత నిఖిత మొహం చూశాడు. అంత ఎర్రగా ఎందుకైందో అర్థమైనట్టుంది, నవ్వు ఆపేసి పక్కకు జరిగాడు. "పోండి మేడం. ముందు మీరే. నా రక్తం యాడికి పోదు."

సూది గుచ్చుతుంటే నిఖిత అటు తిరిగి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఎదురుగా అతనే ఉన్నాడు. కళ్లు మళ్లీ మూసుకోవడం మరిచిపోయింది. రేణుకమ్మ చూసింది గానీ, ఆ క్షణాన ఆమెకు కూతురి చేతిలోంచి పోతున్న రక్తం మీదే దిగులు.

---

రిపోర్టు వచ్చింది. థైరాయిడే. డాక్టరమ్మ చిన్న తెల్ల గోలి రాసి, రోజూ పొద్దున వేసుకొమ్మంది. ఇంకేం చెప్పిందో రేణుకమ్మ చెవికెక్కలేదు. "జీవితాంతం" అన్న మాట ఒక్కటే లోపల గంటలా మోగుతూ ఉండిపోయింది.

ఇంటికొచ్చి చాట ముందేసుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంది. వేళ్లు కదులుతున్నాయి, మనసు కదలడం లేదు. తునికాకు కత్తిరిస్తూ ఒక భయం, తంబాకు వేస్తూ ఇంకో భయం, దారం కడుతూ మరొకటి. కట్ట పూర్తయ్యేలోపు కూతురి పెళ్లి ఆగిపోయింది, జుట్టంతా ఊడిపోయింది, బడిలో ఉద్యోగం కూడా పోయింది.

మోటార్ల వైండింగ్ షాపు నుంచి వచ్చిన భర్త లింబయ్య అన్నం కలుపుకుంటూ, "గోలి ఇచ్చిండ్రు గదనే. ఏస్కుంటది. తగ్గుతది," అన్నాడు.

"నీకు మోటార్ కాలితే తీగ మార్చుడే తెలుసు. ఆడపిల్ల సంగతి ఏం తెలుసు?"

గోలీల డబ్బాను బియ్యం టిన్నులో దాచింది, వచ్చేపోయేవాళ్ల కంట పడకుండా. పొద్దున్నే ఖాళీ కడుపులో మందు పడితే పేగు కాలుతుందని ఆమె నమ్మకం. అందుకని చిక్కటి పాలతో వేడి చాయ్ పెట్టి, ఒక గ్లాసులో గోలి కలిపి, చెంచాతో తిప్పి మరీ కూతురి చేతికిచ్చేది. నిఖిత నిద్రమత్తులో తాగేది. తల్లి మనసు కుదుటపడేది.

కొన్ని వారాల తర్వాత మళ్లీ టెస్ట్. అంకె తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది.

ఆస్పత్రి బయట రిపోర్టు పట్టుకుని రేణుకమ్మ ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. "గోలి పనిచేస్తలేదు బిడ్డా. ఇది థైరాయిడ్ కాదు. ఇంకేదో పెద్దదే."

"ఏమైంది పెద్దమ్మా? షుగర్ పెరిగిందా?"

అదే పొడుగాటి పిల్లవాడు. చేతిలో బెల్లం ముద్దలున్న సంచి. నిఖిత అతన్ని చూడగానే జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది. ఊడిపోతోందని రోజూ తిట్టుకునే జుట్టే అది.

"మీకు తగ్గిందా?" అని అడిగింది.

"మస్తు తగ్గింది. రోగం తెలిసేముందు నేను మా బెల్లం బట్టి కాడ నిలబడి నిద్రపోయేటోణ్ని. ఒకసారి కడాయి కడాయి మాడిపోయింది. మా బాపు నన్ను బద్ధకపోడని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు ఆయన నిద్రపోతుంటే నేను లేపుతున్న. మీరు గోలి ఎట్ల ఏస్కుంటుండ్రు?"

"చాయ్‌ల."

అతను నెత్తి కొట్టుకున్నాడు. "చాయ్‌లనా! మేడం, ఈ గోలికి చాయ్ పడదు. ఇద్దరికి మాటల్లేవు."

"నువ్వేం డాక్టర్‌వా?" రేణుకమ్మ కస్సుమంది.

"కాదు పెద్దమ్మా. లోపల డాక్టరమ్మ ఉన్నది గద, అడుగుదాం పా."

డాక్టర్ కుల్సుమ్‌ది నెమ్మదైన మాట. చాయ్ సంగతి వినగానే పెన్ను పక్కన పెట్టింది. "రేణుకమ్మా, ఈ గోలి నీళ్లతోనే ఏసుకోవాలె. తర్వాత అరగంట, కుదిరితే ఇంకా ఎక్కువసేపు, చాయ్, పాలు, తిండి ఏం వద్దు. అవి పడితే మందు ఒంటికి పట్టదు. ఐరన్, క్యాల్షియం గోలీలు ఉంటే ఇంకా చానా గంటలు దూరం పెట్టాలె."

"అంటే నా చేతులతోనే నేను…" రేణుకమ్మ తన చేతులే చూసుకుంది.

"భయంతో చేసినవు. పర్వాలే."

రేణుకమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇన్నాళ్లుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. "అసలు ఎందుకొచ్చింది డాక్టరమ్మా? నేను ఇంట్ల బీడీలు చేస్త. ఆ తంబాకు తోటి వచ్చిందా? దిష్టి తగిలిందా? ఫోన్ చూసి చూసి వచ్చిందా? చిన్నప్పుడు నేను సక్కగ పెట్టలేదా?"

"దిష్టికి మా దగ్గర టెస్ట్ లేదు," డాక్టరమ్మ నవ్వింది. "తంబాకు దుమ్ము ఊపిరికి మంచిది కాదు, అది వేరే లొల్లి, తర్వాత మాట్లాడుదాం. నీ బిడ్డకు వచ్చింది దాని వల్లనే అని నేను చెప్పలేను. చూడు, గొంతు కాడ సీతాకోకచిలుక లెక్క ఒక గ్రంథి ఉంటది. ఒళ్లంతా ఎంత జోరుగా పనిచెయ్యాలో అదే నడిపిస్తది. మన ఒంట్ల రోగాల తోటి కొట్లాడే కాపలా ఉంటది గద, నీ బిడ్డకు ఆ కాపలా దారి తప్పి సొంత గ్రంథినే కొడుతుంది. రక్తంల తేలింది. గ్రంథి నిదానమైంది."

"మరి అంకె ఎందుకు పెరుగుతది?"

"కార్ఖానల పని నిదానమైతే మేస్త్రి గట్టిగ అరుస్తడు గద? ఆ అరుపే ఈ అంకె. గోలి సక్కగ పడితే పని నడుస్తది, మేస్త్రి నోరు మూసుకుంటడు."

ఇది రేణుకమ్మకు వెంటనే అర్థమైంది. ఆమె మేస్త్రీలను చూసింది.

"కొందరికి అయోడిన్ తక్కువై వస్తది. కొందరికి కాన్పు అయినంక, కొందరికి వేరే మందుల తోటి. చానామందికి వంశంల ఉంటది. మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదా?"

"మా ఇంట్ల ఎవరికి లేదు!"

డాక్టరమ్మ చూపు రేణుకమ్మ మెడ దగ్గర, పుస్తెలతాడు కింద ఆగింది. "నీకు ఎన్నడన్న చూపించుకున్నవా? ఆ వాపు…"

"ఇది నా ఒళ్లే గంత," అని రేణుకమ్మ కొంగు మెడ చుట్టూ కప్పేసుకుంది.

గుమ్మం బయట నిలబడ్డ ధనుంజయ్ అంతా విన్నాడు. వాళ్లు బయటికి రాగానే బెల్లం సంచిలోంచి ఒక ముద్ద తీసి నిఖిత చేతిలో పెట్టాడు. "గోలి ఏసుకున్నంక అరగంట ఆగి, చాయ్‌ల ఇది కలుపుకో. మా బట్టిదే. మాడలే."

"అరగంట ఏం చెయ్యాలె ఖాళీగ?"

"నాకు మెసేజ్ పెట్టు. నాది కూడా ఖాళీనే."

---

అలా మొదలైంది.

ఇంకా వెలుతురు పూర్తిగా రాకముందే నిఖిత ఫోన్ కుయ్ మనేది. పొద్దున్నే ఫోన్ మోగితే ఎవరో పోయారనే రేణుకమ్మ లెక్క. మొదటిరోజు గుండె పట్టుకుని లేచింది. చూస్తే, కూతురు నీళ్ల గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఫోన్ చూసి నవ్వుతోంది. మెట్లెక్కలేని పిల్ల ఇప్పుడు మెట్ల మీదే కాపురం పెట్టింది.

"ఎవరు?"

"అలారం అమ్మా."

అలారం చూసి ఎవరన్నా నవ్వుతారా?

ఆ పిల్లవాడు బెల్లం అమ్మే పని మీద వారానికోసారి నిజామాబాద్ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఇంటి ముందు బండి ఆపి, ఏదో ఒకటి ఇచ్చిపోయేవాడు. ఒకరోజు చెరుకు గడలు, ఒకరోజు కొత్త బెల్లం. నిఖిత తలుపు దగ్గరికి పోయేది, రేణుకమ్మ తలుపు వెనక్కి.

"బుగ్గలు తగ్గినయ్," అన్నాడొకరోజు.

"పొగుడుతున్నవా, తిడుతున్నవా?"

"రిపోర్ట్ చదువుతున్న."

"నీ రిపోర్ట్ ఏమంటుంది?"

"గుండె జోరుగ కొట్టుకుంటుందంటే గోలి డోస్ ఎక్కువైందేమో అని డాక్టరమ్మను అడిగిన. టెస్ట్ చేసింది. డోస్ సరిగ్గనే ఉన్నదట. ఇంకేదో కారణం చూసుకోమన్నది."

నిఖిత చెరుకు గడ ఇటు మార్చి అటు మార్చి పట్టుకుంది.

రేణుకమ్మకు అసలు సంగతి బయటపెట్టింది ఆ మాట కూడా కాదు. ల్యాబులో ఆ పిల్లవాడు ఆమెను పెద్దమ్మా అన్నాడు. తర్వాత కొన్నాళ్లు అమ్మా అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనకుండా, "జర నీళ్లిస్తరా" అని గాలికి అడిగాడు. ఆరోజు బండెక్కుతూ, "పోయొస్త అత్తమ్మా" అన్నాడు.

రేణుకమ్మ చేతిలోని చాట జారింది. పెద్దమ్మ అయితే తన కూతురు వాడికి చెల్లె అవుతుంది. అత్తమ్మ అయితే?

"నిఖితా! వాడు నన్నేమన్నడు?"

"విన్నవు గదమ్మా," నిఖిత నేల చూస్తూ అంది. "వాళ్లు మనోళ్లే. వాళ్లింట్ల అడుగుదామంటుండు. నాకు… నాకు ఇష్టమే."

ఏ తల్లయినా సంతోషించే మాట. రేణుకమ్మ కూతురి చెయ్యి పట్టి లోపలికి లాగింది. "వానికి థైరాయిడ్ ఉన్నది బిడ్డా!"

నిఖిత మొదట ఆశ్చర్యపోయి, తర్వాత పడీపడీ నవ్వింది. "నాకు లేదా?"

"నీది వేరే! నీది ఎవరికి తెల్వదు! ఇద్దరికి ఉంటే పుట్టేటోళ్ల గతేంది? నా మనవడు మెట్ల మీద కూసుంటే ఎవరు లేపాలె?"

మరునాడే ధనుంజయ్ వచ్చాడు. గడపలో నిలబడి, చేతులు కట్టుకుని, "అత్తమ్మా, నన్ను తిట్టాలంటే తిట్టుండ్రి. కానీ డాక్టరమ్మ చెప్పింది చెప్త," అన్నాడు. "వంశంల ఉన్నంత మాత్రాన పుట్టేటోళ్లందరికి రావాలని లేదట. నిఖిత కడుపుతోటి అయ్యేముందు, అయినంక, సక్కగ టెస్టులు చేయించుకుని డోస్ చూసుకుంటే మంచిగనే ఉంటదట. పుట్టిన పిల్లలకు కూడా టెస్ట్ ఉన్నదట."

కడుపుతో అన్న మాటకు నిఖిత లోపలికి పారిపోయింది. వాడి చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"నువ్వు జెప్పినంత తేలికనా? ఇది ఉన్న ఆడిది కాపురం చెయ్యగలదా, పిల్లల్ని కనగలదా, పని చెయ్యగలదా?"

ఆ పిల్లవాడు కాసేపు ఆమెనే చూశాడు. "అత్తమ్మా, మీరు ఎండల స్వెటర్ ఏసుకున్నరు."

"నాకు చలెక్కువ."

"మాట బొంగురు. మెడ కాడ వాపు. నిఖిత చెప్పింది, సాయంత్రమయితే మీకు ఒళ్లు లేవదట. ఒక్కసారి టెస్ట్ చేయించుకోండ్రి. ఏం లేకపోతే నేను మళ్లీ ఈ గడప తొక్కను."

రేణుకమ్మకు ఆ పందెం నచ్చింది. ఒకే దెబ్బతో వాడిని వదిలించుకోవచ్చు.

రిపోర్టు వచ్చినరోజు డాక్టర్ కుల్సుమ్ ఆమె చెయ్యి పట్టుకుంది. మెడ కూడా స్కాన్ చేయించింది, భయపడేదేమీ లేదంది. "రేణుకమ్మా, నీకు ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. ఏండ్ల కింద మొదలైనట్టున్నది. బిడ్డకు నీ వైపు నుంచే వచ్చి ఉంటది."

రేణుకమ్మ ఏడ్వడానికి సిద్ధపడింది. ఆశ్చర్యంగా ఏడుపు రాలేదు. ఇన్నేళ్లూ ఆ నిదానపు ఒంటితోనే కాపురం చేసింది. బిడ్డను పెంచింది, చదివించింది, లెక్కల టీచరును చేసింది. చుట్టిన బీడీలకు లెక్కే లేదు. అదంతా ఈ జబ్బు పక్కన కూర్చునే చేసిందన్నమాట. ఆ సంగతి ఇవాళే తెలిసింది.

బయట బండి మీద కాళ్లూపుతూ కూర్చున్న ధనుంజయ్ దగ్గరికి పోయి, "గడప తొక్కచ్చు," అంది.

---

అయినా పాత భయం ఒకటి మిగిలింది. వాళ్ల పెద్దవాళ్లు.

"వాళ్లకు మీ ఇద్దరి థైరాయిడ్ సంగతి చెప్పినవా?" అని ధనుంజయ్‌ను పక్కకు పిలిచి అడిగింది.

"నాది చెప్పిన. నిఖితది ఆమె చెప్పొద్దన్నది. ఆ మాట మీరే చెప్పాలె అన్నది."

నిఖిత తల్లికి ఎదురుగా నిలబడింది. ఇప్పుడా పిల్ల గొంతులో మునుపటి నీరసం లేదు. "అబద్ధం మీద పెండ్లి చేసుకోను అమ్మా. బియ్యం టిన్నుల గోలి దాచుకుని కాపురం చెయ్యలేను. చక్కెర నోట్ల పడకముందే నువ్వు చెప్పాలె. లేకుంటే సంబంధం పోయినా సరే, నేనే లేచి చెప్త."

చక్కెర అంటే మాట ఖాయం చేసుకోవడం. ధనుంజయ్ తల్లి శంకరమ్మ పుట్టిల్లు సరిహద్దు అవతల, మరాఠీ మాట్లాడే దెగ్లూర్. వాళ్ల పద్ధతిలో దాన్ని సాకర్‌పుడా అంటారు. శంకరమ్మ వాళ్లింటి ఆనవాయితీలో పిల్లవాడి తల్లి తన చేత్తో పిల్ల తల్లి నోట్లో చక్కెర పెడుతుంది. తింటే ఒప్పుకున్నట్టు. తినకపోతే కాదన్నట్టు. పిల్లకు కుంకుమ పెట్టేది ఆ తర్వాతే.

ఆరోజు రేణుకమ్మ కోడికూతకు ముందే లేచింది. ముగ్గు వేసింది, పులిహోర కలిపింది, చాపలు పరిచింది. వాళ్లు తినకపోతే? కారు దారిలో ఆగిపోతే? వానకు ఇల్లు కురిస్తే? ఇన్ని భయాల మధ్య తన గోలి మరిచిపోయింది. గుర్తొచ్చి బియ్యం టిన్నులో చెయ్యి పెట్టి, గోలి నోట్లో వేసుకుని నీళ్లు తాగి మూతి తుడుచుకుంటుండగానే బయట హారన్ మోగింది. వాన వస్తుందని వాళ్లు ముందే బయల్దేరారట.

శంకరమ్మ నిండుగా, ఠీవిగా ఉన్న మనిషి. వచ్చీరాగానే వంటింటిదాకా చూసొచ్చింది. ధనుంజయ్ తండ్రి తుకారాం చాప మీద కూర్చుని లింబయ్యతో మోటార్ల గురించి ముచ్చట పెట్టాడు. నిఖిత మామిడిపండు రంగు చీరలో వచ్చి కూర్చుంది. ధనుంజయ్ ఆమెను చూసి, తల్లి తనను చూస్తోందని చూసి, గోడ మీద గడియారం చూశాడు.

"టైం మంచిగున్నది. తొమ్మిదిలోపే కానిద్దాం," అని శంకరమ్మ వెండి గిన్నె మూత తీసింది. తెల్లగా మెరిసే చక్కెర. చిటికెడు తీసి రేణుకమ్మ పెదవుల దగ్గరికి తెచ్చింది. "తీస్కో వదినె. నోరు తెరువు."

రేణుకమ్మ నోరు గట్టిగా మూసుకుంది.

లింబయ్య మోటారు మాట సగంలో ఆగింది.

"కాయ్ ఝాలా? ఏమైంది?" శంకరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "ఇష్టం లేదా?"

నిఖిత తల్లినే చూస్తోంది. రేణుకమ్మకు ఒక్క క్షణం అనిపించింది, తినేస్తే అయిపోతుంది. చిటికెడు చక్కెర. మాట ఖాయమవుతుంది, నోరు మూతబడుతుంది, బియ్యం టిన్ను అలాగే ఉంటుంది. కానీ కూతురి చేతులు చీర కుచ్చెళ్లను పట్టుకుని నలుపుతున్నాయి. ఇంకొక్క క్షణం ఆగితే ఆ పిల్ల లేస్తుంది.

"ఇప్పుడే థైరాయిడ్ గోలి ఏసుకున్న వదినె," అంది రేణుకమ్మ. ఆనాటి నర్సమ్మ గొంతంత గట్టిగా వచ్చింది మాట. "అరగంట ఏం తినద్దు. నాకున్నది. నా బిడ్డకున్నది. నిఖితకు కూడా రోజూ గోలి ఏసుకోవాలె. దాచి పెండ్లి చెయ్యాలనుకున్న. తప్పు. ఇప్పుడు చెప్తున్న. ఇష్టముంటే అరగంట ఆగుండ్రి. లేకుంటే…"

శంకరమ్మ చెయ్యి గాల్లోనే ఉంది. చక్కెర ఒక్కో పలుకే గిన్నెలో రాలింది.

"నిఖితకు కూడనా?"

"ఔను."

శంకరమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసమ్మా. ల్యాబులనే కలిసినం."

శంకరమ్మ గిన్నె కింద పెట్టి, ఊపిరి పీల్చి, ఒక్కసారిగా నవ్వింది. ఒళ్లంతా కదిలేలా నవ్వింది. "దేవా! నేను ఇన్ని దినాలు నిద్రపోలే వదినె! మావోనికి ఉన్నదంటే మా చుట్టాలంత ఆడోళ్ల జబ్బు మొగోనికొచ్చిందని నవ్విండ్రు. మీరేమంటరో, పిల్లనిస్తరో లేదో అని నా ప్రాణం గిలగిలలాడింది. కారుల కూడా అదే మొక్కు!"

రేణుకమ్మకు నమ్మబుద్ధి కాలేదు. భయపడేది తను ఒక్కతే అనుకుంది ఇన్నాళ్లూ!

"ఒక్క చిటికెడుకు ఏం గాదేమో అమ్మా," నిఖిత కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నోర్ముయ్! అరగంట అంటే అరగంటే."

"అరగంటనే ఆగుదాం," తుకారాం తీర్పు చెప్పాడు. "తొమ్మిదికి ఇంక చానా టైం ఉన్నది." లింబయ్య గడియారం దించి అందరికీ కనబడేలా గిన్నె పక్కనే పెట్టాడు.

శంకరమ్మ రేణుకమ్మ పక్కకు జరిగింది, గొంతు తగ్గించింది. "నాక్కూడా జుట్టు ఊడుతుంది వదినె. చలి పెడుతుంది. నేను కూడా…?"

"రేపే పోదాం. నేనొస్త తోడు. ఖలీల్‌వాడిల మంచి డాక్టరమ్మ ఉన్నది. నర్స్ పిలిస్తే మాత్రం ఎంబడే లేవాలె."

ఇంతలో పిల్లలిద్దరూ లేచి వరండాలోకి పోయారు. ఎవరూ వద్దనలేదు. చూరు నుంచి వాన ధార కడుతోంది. మాటలు గదిలోకి వినిపిస్తూనే ఉన్నాయి.

"మొదటిసారి మనకు పెద్దోళ్లిచ్చిన అరగంట," అన్నాడు ధనుంజయ్.

"మెసేజ్ పెట్టాల్నా?"

"వద్దు. నోటితోనే చెప్త."

"చెప్పు మరి."

చాలాసేపు వాన చప్పుడు ఒక్కటే.

"ఏం జెప్తుండు వాడు?" శంకరమ్మ చెవి ఒగ్గింది.

"చెప్పేసిండు వదినె," అంది రేణుకమ్మ. చెప్పాడని ఎలా తెలిసిందో అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది. వరండాలోంచి కూతురు గట్టిగా నవ్వింది, అంతే. ఆమెకు ఆ నవ్వే చాలు.

ఆమె గడియారం వైపు చూసింది. జీవితంలో ఎన్నడూ లేనట్టు, ఆ అరగంటలో ఆమెకు కలిగిన భయం ఒక్కటే. చక్కెరకు చీమలు పడతాయేమోనని లేచి గిన్నె మీద మూత పెట్టింది.

ముల్లు అరగంట దాటగానే శంకరమ్మ మళ్లీ చిటికెడు తీసింది. రేణుకమ్మ ఈసారి నోరు పెద్దగా తెరిచింది. తియ్యదనం నాలుక మీద కరుగుతుండగా గుమ్మంలో నిలబడ్డ కాబోయే అల్లుడిని పిలిచింది.

"అల్లుడా, లోపలికి రా. చాయ్ పెడుత. నువ్వు తెచ్చిన బెల్లంతోనే."